చర్చి యూత్‌ని నేపాల్ మిషన్ ట్రిప్‌కి తీసుకెళ్లాలంటే: మొదటి ఫోన్ కాల్ నుంచి తిరిగొచ్చాక చేయాల్సిన పని దాకా

కొత్త యూత్ కమిటీ మొదటి మీటింగ్‌లోనే ఎవరో ఒకరు “అన్నా, ఈసారి ఫారిన్ మిషన్ ట్రిప్ వేద్దాం” అంటారు. మంచి మాటే. కానీ ఆ మాట అన్న రోజు నుంచి రైలెక్కే రోజు దాకా ఏం చేయాలో వరసగా చెప్పేవాళ్లు ఉండరు, అందుకే చాలా ట్రిప్పులు బ్యానర్‌తో మొదలై ఫోటోలతో అయిపోతాయి. కృష్ణా జిల్లాలో ఒక మోస్తరు సంఘంలో నేను యూత్ లీడర్‌ని. మా పిల్లల్ని రెండుసార్లు నేపాల్ తీసుకెళ్లాను, మొదటిసారి 14 మందిని, రెండోసారి 9 మందిని. మొదటిసారి చేసిన తప్పులు రెండోసారి చేయలేదు. ఆ తేడా అంతా ఇక్కడ రాస్తున్నాను, మీరు మొదటిసారే సరిగా వెళ్లాలని.

నేపాలే ఎందుకంటే, మనకు వీసా అక్కర్లేదు, రైల్లో సరిహద్దు దాకా వెళ్లొచ్చు, హిందీ వచ్చినవాళ్లు ఇద్దరుంటే మాట సాగుతుంది, ఖర్చు మధ్యతరగతి కుటుంబం భరించగలిగేంతే. వేరే దేశం వెళ్లేవాళ్లకు కాగితాలు మారతాయి, మిగతాది చాలావరకు ఇదే.

1. ముందు తేల్చుకోవాల్సింది: మిమ్మల్ని ఎవరు పిలిచారు?

ఎక్కడికి వెళ్లాలన్నది ఆ తర్వాత మాట. అక్కడి సంఘం పిలవకుండా వెళ్తే అది విహారయాత్రే, దానికి మిషన్ అని పేరు పెట్టొద్దు. మీ పాస్టర్ గారికి తెలిసిన నేపాలీ కాపరి (పాస్టర్) ఉన్నారేమో కనుక్కోండి, మీ శాఖ సంఘాల ద్వారా, బైబిల్ కాలేజీలో కలిసి చదువుకున్నవాళ్ల ద్వారా అడగండి. దొరికాక ఒకటికి మూడుసార్లు ఫోన్లో మాట్లాడండి. “మేం వచ్చి ఏం చేస్తే మీకు పనికొస్తుంది?” అని అడిగి, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టండి. మొహమాటంతో “ఏదైనా సరే, రండి” అంటారు. అది జవాబు కాదు. “మీరు వెళ్లిపోయాక కూడా మీకు మిగిలేది ఏమిటి” అని ఇంకోసారి అడగండి.

మొదటి ట్రిప్‌లో మేం ఇలా అడగలేదు. మందిరానికి రంగులు వేద్దామని మేమే అనుకుని, డబ్బాలు కొని, రెండు రోజులు వేశాం. మూడో రోజు తెలిసింది, ఆ సంఘంలోనే ఇద్దరు పెయింటింగ్ పని చేసుకుని బతికే తమ్ముళ్లున్నారని. వాళ్లు ఆ రెండు రోజులూ మాకు నిచ్చెన పట్టుకుని నిలబడ్డారు. ఒక్క మాట అనలేదు. ఆ డబ్బు వాళ్లకు కూలిగా ఇచ్చి, మేం వాళ్లకు నిచ్చెన పట్టుకుని ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ విషయం తెలుగు క్రైస్తవులకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు, మనం కూడా ఒకప్పుడు మిషనరీలను ఇంటికి రానిచ్చినవాళ్లమే. తమిళనాడు నుంచి దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు, అంతకు రెండేళ్ల ముందు ఎడింబరో మహాసభలో పాశ్చాత్య మిషనరీలందరి ముందు నిలబడి అడిగింది ఒక్కటే: మాకు స్నేహితులు కావాలని. మీరు మీ ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, స్నేహం కూడా ఇవ్వండి అన్నారు. మీ మొదటి ప్రార్థన కూడికలో పిల్లలకు ఈ సంగతి చెప్పండి. మనవైపు నుంచి వెళ్లిన ఆ మాట మనమే మర్చిపోయి ఇంకొకరి ఇంటికి వెళ్లకూడదు.

2. చట్టం తెలుసుకోండి, పిల్లలకు నోటికి వచ్చేదాకా చెప్పండి

2015 నాటి నేపాల్ రాజ్యాంగం 26వ అధికరణం ఎవరి మతం వాళ్లు పాటించుకునే హక్కు ఇస్తుంది, కానీ ఇంకొకరిని మతం మార్చడాన్ని నిషేధిస్తుంది. 2018 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతి 158వ సెక్షన్ ప్రకారం మతం మార్చినా, మార్చే ప్రయత్నం చేసినా, ప్రోత్సహించినా ఐదేళ్ల దాకా జైలు, 50 వేల నేపాలీ రూపాయల దాకా జరిమానా. విదేశీయులైతే శిక్ష పూర్తయ్యాక ఏడు రోజుల్లో దేశం నుంచి పంపించేస్తారు.

కాబట్టి కరపత్రాలు పంచడం లేదు. వీధిలో పాటలు, నాటికలు లేవు. ఇంటింటికీ వెళ్లి సువార్త చెప్పడం లేదు. మార్కెట్లో కనబడ్డవాళ్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయడం లేదు. చాలామంది యూత్‌కి ఇది మింగుడు పడదు. “అన్నా, మరి అపొస్తలులు జైలుకి వెళ్లారు కదా” అని అడిగే తమ్ముడు ప్రతి గుంపులో ఒకడుంటాడు. వాడికి నేను చెప్పేది ఇది. నువ్వు పది రోజుల్లో రైలెక్కి ఇంటికొచ్చేస్తావు, పోలీసులు వచ్చేది నిన్ను ఇంట్లో పెట్టుకున్న కాపరి దగ్గరికి. ఆయనకు పెళ్లాం, పిల్లలు, వంద మంది విశ్వాసులు ఉన్నారు. ధైర్యం చూపించాలా వద్దా అన్నది ఆయన నిర్ణయం, ఆయన తరఫున నువ్వు తీసుకునే నిర్ణయం కాదు.

మరి చేయగలిగింది ఏమిటి? చాలా ఉంది. సంఘంతో కలిసి ఆరాధన, అక్కడి యూత్‌తో కలిసి రెండు రోజుల రిట్రీట్, వాళ్ల సండే స్కూల్ టీచర్లకు మీ టీచర్లు తమకు తెలిసిన పద్ధతులు నేర్పడం, గిటారు, కీబోర్డు, సౌండ్ సిస్టమ్ నేర్పడం, ఇల్లు కూలినవాళ్లకు అక్కడి మేస్త్రి కింద కూలీలుగా పనిచేయడం. మెడికల్ క్యాంపు మాత్రం మీ అంతట మీరు పెట్టకండి. మీ బృందంలో డాక్టర్లున్నా నేపాల్ మెడికల్ కౌన్సిల్ అనుమతి లేకుండా అక్కడ వైద్యం చేయకూడదు.

సాయం, మతం ఒకే చేత్తో ఇవ్వకూడదన్నది కూడా చెప్పండి. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ గారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. ఆ కరువు పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు మాత్రం ఇవ్వలేదు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు తగ్గాకే 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అప్పట్లో ఆయన్ని ఆపే చట్టం కూడా లేదు.

3. ఎవరిని తీసుకెళ్లాలి

తొమ్మిది నుంచి పన్నెండు మంది చాలు. అంతకు మించితే అక్కడి అమ్మలు వంటింట్లోనే ఉండిపోతారు, మీతో మాట్లాడే తీరిక వాళ్లకు దొరకదు. మొదటి ట్రిప్‌కి 18 ఏళ్లు నిండినవాళ్లనే తీసుకెళ్లండి. అమ్మాయిలు వస్తుంటే పెద్దవాళ్లలో కనీసం ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి, పాస్టరమ్మ గారు ఒక్కరే వస్తే ఆవిడకు జ్వరం వచ్చిన రోజు ఏం చేస్తారు? అక్కడి పిల్లలతో గానీ మన పిల్లలతో గానీ పెద్దవాళ్లు ఎవరూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదన్న నియమం పెట్టి, కాగితం మీద రాసి, పెద్దలతో సహా అందరి చేతా సంతకం పెట్టించండి. “మన సంఘంలో అలాంటివాళ్లు ఎవరుంటారు” అని కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకున్నా పర్వాలేదు.

ఎంపికలో నేను చూసేది పాట బాగా పాడతారా అని కాదు. సంఘంలో భోజనాలయ్యాక ఆకులు ఎత్తేది ఎవరో రెండు నెలలు గమనించండి. వాళ్ల పేర్లు ముందు రాసుకోండి.

4. కాగితాలు, కనీసం నాలుగు నెలల ముందు

భారతీయులకు నేపాల్ వీసా లేదు, రెండు దేశాల మధ్య 1950 ఒప్పందం నుంచి వస్తున్న సౌకర్యం ఇది. అలాగని ఏ కార్డైనా చెల్లదు. పెద్దవాళ్లకు రెండే చెల్లుతాయి: పాస్‌పోర్టు, లేదా ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు. ఆధార్ చెల్లదు. ఈ మాట వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఫోన్ చేసి చెప్పి, ఆదివారం ఎదురుగా నిలబెట్టి కూడా చెప్పండి. మొదటిసారి విమానంలో వెళ్లాం. ఢిల్లీ ఎయిర్‌పోర్టులో కౌంటర్ దగ్గర మావాడు ఒకడు ఆధార్ తీశాడు. పాస్‌పోర్టు లేదు, ఓటరు కార్డు ఇంట్లో బీరువాలో ఉంది. ఎంత బతిమాలినా కౌంటర్ అమ్మాయి తల అడ్డంగా ఊపుతూనే ఉంది, ఆమె తప్పేం లేదు. వాడు బ్యాగ్ మీద కూర్చుని ఏడుస్తుంటే మేం వాడిని వదిలి లోపలికి వెళ్లాల్సి వచ్చింది. ఒక అన్నయ్య తన ప్రయాణం మానుకుని వాడితో వెనక్కి వెళ్లాడు. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

అందుకే ఒక శనివారం సాయంత్రం అందర్నీ ఒరిజినల్ కార్డులతో రమ్మని, మీ కళ్లతో చూసి, ఫోటో తీసి పెట్టుకోండి. పేరు స్పెల్లింగ్ టికెట్‌లో, కార్డులో ఒకేలా ఉందా చూడండి. మనవాళ్లలో చాలామందికి సర్టిఫికెట్‌లో ఒక పేరు, బాప్తిస్మం పేరు ఇంకొకటి ఉంటాయి, టికెట్ మీద కార్డులో ఉన్న పేరే పడాలి. 18 ఏళ్లు ఇప్పుడే నిండినవాళ్లతో ఓటరు నమోదుకి ఫారం 6 వెంటనే పెట్టించండి, ఇంకా మంచిది పాస్‌పోర్టు తీయించడం, ఎప్పటికైనా పనికొస్తుంది.

వీటితో పాటు ప్రతి ఒక్కరిదీ తల్లిదండ్రుల అంగీకార పత్రం, బ్లడ్ గ్రూపు, వాడే మందులు, ఇంటి ఫోన్ నంబర్లు రెండు, ప్రయాణ బీమా కాగితం. మూడు సెట్లు జిరాక్స్: ఒకటి మీ దగ్గర, ఒకటి బృందంలో ఇంకొకరి దగ్గర, ఒకటి ఇక్కడ పాస్టర్ గారి దగ్గర.

5. డబ్బు

రైల్లో, సంఘంలోనే పడుకుని, పది రోజులకు మాకు రెండోసారి తలకు 17 వేల దాకా అయింది. సగం ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి, సగం సంఘం నుంచి, అనేది మా పద్ధతి. సొంత డబ్బు అసలు పెట్టనివాడు ట్రిప్‌ని తేలిగ్గా తీసుకుంటాడు, అలాగని డబ్బు లేదని మంచి పిల్లను వదిలేయకూడదు. పేదింటి పిల్లల వాటా సంఘంలో ఎవరైనా మౌనంగా కట్టేలా చూడండి, పేర్లు ఆరాధనలో చదవొద్దు. మావాళ్లు సంక్రాంతి సెలవుల్లో అరిసెలు, సకినాలు చేసి అమ్మారు, అమ్మలంతా కలిసి పిండి కొట్టారు, ఆ నాలుగు రోజుల్లో బృందం ఒకటైనంతగా ఏ ట్రైనింగ్‌లోనూ కాలేదు.

మీ సంఘం ట్రస్టుగా రిజిస్టర్ అయి పన్ను మినహాయింపు పొందుతుంటే, ఆ ఖాతా డబ్బు దేశం బయట ఖర్చు పెట్టే ముందు తప్పకుండా ఆడిటర్ని అడగండి, అక్కడ చిక్కులొస్తాయి. బృందానికి వేరే పుస్తకం, రెండు సంతకాలు, ప్రతి బిల్లూ కవర్లో.

అక్కడ మన 100 రూపాయలకు 160 నేపాలీ రూపాయలు, ఈ రేటు స్థిరం. పెద్ద నోట్ల మీద నియమాలు మారుతూ వచ్చాయి కాబట్టి 100 నోట్లు, అంతకన్నా చిన్నవి తీసుకెళ్లడమే నిశ్చింత. బ్యాంకులో ముందుగా చెప్పి కట్టలు తీసుకోండి. 2024 నుంచి ఫోన్‌పే క్యూఆర్ ఉన్న నేపాలీ దుకాణాల్లో మన యూపీఐ పనిచేస్తోంది. పేరు మనం వాడే యాప్‌లాగే వినిపిస్తుంది గానీ అది నేపాల్‌లోని వేరే సంస్థ. ఊళ్లోకి వెళ్లాక నగదు ఉండాల్సిందే.

అక్కడి కాపరికి ఇచ్చే కానుక విషయం ముందే తేల్చుకోండి. మీ తిండి ఖర్చు వేరు, కానుక వేరు. తిండి ఖర్చు మొదటి రోజే ఇచ్చేయండి, ఎందుకంటే మీకోసం బియ్యం, కోడి అప్పు తెచ్చి ఉంటారు. కానుక సంఘ పెద్దలు ఇద్దరు ఉన్నప్పుడు ఇచ్చి రాసుకోండి. పిల్లలు ఎవరికి వాళ్లు జాలిపడి అక్కడి పిల్లల చేతుల్లో నోట్లు పెట్టడం మాత్రం గట్టిగా ఆపండి.

6. తేదీలు, దారి

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వద్దు. వానల్లో కొండచరియలు పడతాయి. 2024 జులైలో నారాయణ్‌ఘాట్–ముగ్లింగ్ దారిలో కొండ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలోకి కొట్టుకుపోయాయి, రాత్రి ప్రయాణికులు వాళ్లంతా. కాలేజీ సెలవులు మేలో కాబట్టి మే మొదటి పదిహేను రోజులు మాకు కుదిరింది. దసై, తిహార్ (మన దసరా, దీపావళి) పండగలప్పుడు బస్సులు దొరకవు, ఇళ్లల్లో వాళ్లకూ చుట్టాలుంటారు.

మనవైపు నుంచి గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సులో మూడు గంటలు సునౌలీ సరిహద్దు. సికింద్రాబాద్ నుంచి, విజయవాడ మీదుగా కూడా గోరఖ్‌పూర్ రైళ్లున్నాయి, ఒకటిన్నర రోజు పడుతుంది. లేదా రక్సౌల్ దాకా రైల్లో వెళ్లి బీర్‌గంజ్‌లో అడుగుపెట్టొచ్చు. సరిహద్దు పొద్దున పూట దాటండి, కొండ దారిలో బస్సు పగలే ఎక్కండి, దీని మీద బేరం లేదు. ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుందని నైట్ బస్సు బుక్ చేయొద్దు.

సరిహద్దులో కస్టమ్స్‌ని భన్సార్ అంటారు. కొత్త వస్తువులు పెట్టెల కొద్దీ తీసుకెళ్తే పన్ను అడుగుతారు. ఎవరైనా అధికారి “ఎందుకు వెళ్తున్నారు” అంటే నిజం చెప్పండి: “మాకు తెలిసిన సంఘం పిలిచింది, వాళ్లతో పది రోజులు ఉండి వస్తాం.” టూరిస్టులమని అబద్ధం ఆడమని పిల్లలకు నేర్పొద్దు, దేవుని పని మీద వెళ్తూ మొదటి అడుగు అబద్ధంతో వేయకూడదు. చట్టం దాటే పని మీ ప్లాన్‌లో లేకపోతే దాచాల్సిందేమీ ఉండదు.

7. ఎనిమిది వారాల సిద్ధపాటు

ప్రతి ఆదివారం ఆరాధన తర్వాత గంటన్నర. ఉపవాస ప్రార్థన ఒక్కటే సరిపోదు, నేర్చుకోవాల్సినవి ఉన్నాయి.

భాష ముందు. ఇరవై మాటలు చాలు. పెద్దవాళ్లను దాజు, దిదీ అనాలి, చిన్నవాళ్లను భాయి, బహినీ, తల్లి వయసువాళ్లను ఆమా. పేరు పెట్టి పిలవడం మనకెంత ఎబ్బెట్టో వాళ్లకూ అంతే. విశ్వాసులు కలిస్తే “జయ మసీహ్” అంటారు, మనం వందనాలు అన్నట్టు. “మీఠో ఛ” అంటే రుచిగా ఉంది. “పుగ్యో” అంటే చాలు. ఈ చివరి మాట రాకపోతే ఏమవుతుందో కింద చెప్తాను.

పాటలు నేపాలీలో రెండు నేర్చుకోండి, యూట్యూబ్‌లో విని తెలుగులో రాసుకుంటే సరి. తెలుగులో ఒకటి పాడండి, కీర్తనే పాడండి, డప్పు ఉంటే తీసుకెళ్లండి. మన కీర్తన తాళం వింటే వాళ్ల మాదల్ డోలు దానంతట అదే జత కలుస్తుంది.

సాక్ష్యం, అంటే దేవుడు తమ జీవితంలో చేసింది, మూడు నిమిషాల్లో, ప్రసంగ భాష లేకుండా, అనువాదకుడు ఆగి చెప్పేంత చిన్న వాక్యాల్లో చెప్పడం నేర్పండి. మావాళ్లకు ఇదే కష్టమైంది. “పాపపు ఊబిలో నుండి లేవనెత్తబడి” అంటే హిందీలో చెప్పేవాడు తలపట్టుకుంటాడు.

ఒక వారం నేపాల్ సంఘం గురించి చెప్పండి. 1951 దాకా ఆ దేశంలో మిషనరీలకు ప్రవేశం లేదు, నేపాలీ బైబిలు మన దేశంలోని డార్జిలింగ్‌లో గంగా ప్రసాద్ ప్రధాన్ గారు కష్టపడి తర్జుమా చేస్తే 1914లో పూర్తి బైబిలు వచ్చింది. 2021 జనగణనలో క్రైస్తవులు 1.76 శాతం. జైళ్లకు వెళ్లినవాళ్లు, ఇంట్లోంచి గెంటేయబడినవాళ్లు ఆ సంఘాల్లో ముందు వరసలో కూర్చుని ఉంటారు. మన పిల్లలు నేర్పడానికి కాదు, నేర్చుకోవడానికి వెళ్తున్నారని అప్పుడు వాళ్లకే అర్థమవుతుంది.

డాక్టర్ని కలిసి టైఫాయిడ్, హెపటైటిస్ ఎ టీకాలు అడగండి, నెల ముందే.

8. సంచి

ఒకరికి ఒకటే బ్యాగు, మోసుకుని కిలోమీటరు నడవగలిగేంత. చలికోటు మే నెలలోనూ కావాలి, ఖాట్మండూ 1,400 మీటర్ల ఎత్తులో ఉంది, చుట్టూ ఊళ్లు ఇంకా పైన. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, నీళ్లు శుభ్రం చేసే మాత్రలు, టార్చి, చెప్పులు తేలిగ్గా విప్పగలిగేవి. అమ్మాయిలు ప్యాడ్లు ఇక్కడి నుంచే సరిపడా తెచ్చుకోవాలి.

పచ్చడి తీసుకెళ్లండి, ఆవకాయ ఒక చిన్న సీసా, మూతకి ప్లాస్టిక్ కాగితం బిగించి. కానీ అది మన ప్లేట్లో విడిగా వేసుకోవడానికి కాదు, అందరికీ పెట్టడానికి. గొడ్డు మాంసంతో చేసినవి ఏ రూపంలోనూ వద్దు. అక్కడ ఆవు జాతీయ జంతువు, గోవధ నేరం. పాత బట్టల మూటలు కూడా వద్దు. మొదటిసారి మేం మూడు బస్తాలు మోసుకెళ్లాం, విప్పితే సగం నైలాన్ చీరలు, కొండ మీద చలికి ఎవరు కడతారు? ఒక్క ఆమా మాత్రం మమ్మల్ని బాధ పెట్టడం ఇష్టం లేక ఒక చీర భుజాన కప్పుకుని రోజంతా తిరిగింది.

బయలుదేరే ముందు రోజు రాత్రి అందరి బ్యాగులూ తెరిచి చూడండి, కరపత్రాలు ఎవరైనా లోపల పెట్టారేమో. మంచి మనసుతోనే పెడతారు. తీసేయండి.

9. అక్కడ ఉన్నన్నాళ్లు

ఆరాధన శనివారం. వాళ్లకు వారపు సెలవు ఆ రోజు కాబట్టి దాదాపు సంఘాలన్నీ శనివారమే కూడతాయి. చెప్పులు బయట విడిచి, చాలాచోట్ల నేల మీద, ఆడవాళ్లు ఒకవైపు మగవాళ్లు ఒకవైపు కూర్చుంటారు, మన పల్లె సంఘాల్లాగే. 2015 ఏప్రిల్ 25 భూకంపం కూడా శనివారమే వచ్చింది, మధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా, ఆరాధన జరుగుతున్న వేళ. గోడలు కూలి విశ్వాసులు చనిపోయిన మందిరాలున్నాయి. ఆ సంగతి వాళ్లు చెప్తే వినండి, మీరుగా తవ్వి అడగొద్దు.

దాల్‌భాత్ తినే పద్ధతి చెప్పాలి. పళ్లెంలో అన్నం, పప్పు, తర్కారీ (కూర), ఆకుకూర, ముల్లంగి అచార్. అయిపోతుందనగా గరిటెతో ఆమా వస్తుంది. వద్దని తల ఊపితే సిగ్గు పడుతున్నారనుకుని ఇంకా వేస్తుంది. మావాడు ఒకడు నాలుగుసార్లు వేయించుకుని, పారేస్తే తప్పని కళ్లనీళ్లతో తిన్నాడు. పళ్లెం మీద చెయ్యి అడ్డంగా పెట్టి నవ్వుతూ “పుగ్యో” అనాలి, అప్పుడు వదులుతుంది. ఎంగిలి పట్టింపు మనకన్నా గట్టిగా ఉంటుంది. సీసా మూతికి ఆనించి నీళ్లు తాగొద్దు, ఎంగిలి చేత్తో గరిటె ముట్టుకోవద్దు. తిన్నాక పళ్లేలు కడగడం మన అబ్బాయిలు చేయాలి. మొదటి రోజు వాళ్లు ఒప్పుకోరు. రెండో రోజు ముందే వెళ్లి నీళ్ల దగ్గర కూర్చోండి.

ప్రతి రాత్రి అరగంట మన బృందం విడిగా కూర్చుని మాట్లాడుకోవాలి: ఈరోజు ఎవరికి ఏం బాధ కలిగింది, ఎవరి ఒంట్లో బాగాలేదు, రేపు ఏ పని. రోజు మార్చి రోజు మధ్యాహ్నం రెండు గంటలు ఖాళీ వదలండి. మనవాళ్లు విశ్రాంతి తీసుకుంటే పాపం అనుకుంటారు, నాలుగో రోజుకి సగంమంది జ్వరంతో పడుకుంటారు.

అనాథాశ్రమం చూసి, పిల్లలతో రెండు గంటలు ఆడి రావడం ప్రోగ్రాంలో పెట్టకండి. నేపాల్‌లో అలాంటి ఇళ్లల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు, సందర్శకులు తెచ్చే డబ్బు కోసం పిల్లల్ని ఊళ్ల నుంచి తెచ్చి పెట్టిన ఇళ్లు ఎన్నో బయటపడ్డాయి. మీ బిస్కెట్ ప్యాకెట్లు ఆ వ్యాపారాన్ని నడిపిస్తాయి. అక్కడి కాపరి తీసుకెళ్తానన్నా మర్యాదగా వద్దనండి.

10. ఫోన్లు, ఫోటోలు

దీని మీద నేను ఎవరితోనూ రాజీపడను. అక్కడ ఉండగా ఫేస్‌బుక్, ఇన్‌స్టా, స్టేటస్ ఏదీ పెట్టకూడదు. వచ్చాక కూడా ఊరి పేరు, సంఘం పేరు, కాపరి ముఖం, బాప్తిస్మం, ప్రార్థన చేయించుకుంటున్నవాళ్ల ముఖాలు పెట్టకూడదు. మనకు ఒక లైక్, ఆయన మీద ఒక కేసు. పిల్లల ఫోటోలు అమ్మానాన్నలను అడగకుండా తీయొద్దు. బృందం మొత్తానికి ఒక్కరే ఫోటోలు తీయాలి, ఆ ఫోటోలు అక్కడి పాస్టర్ గారు చూసి సరే అన్నవే సంఘంలో చూపించాలి. డ్రోన్ తీసుకెళ్దామనే ఆలోచన ఉంటే మానుకోండి, అనుమతి లేకుండా ఎగరేస్తే పట్టుకుంటారు.

ఇంటికి కబుర్లు చెప్పడానికి ఇద్దరు పెద్దలు అక్కడి సిమ్ తీసుకుంటే చాలు, ఎన్‌సెల్ గానీ నేపాల్ టెలికాం గానీ, గుర్తింపు కార్డు, ఫోటో ఇస్తే ఇస్తారు. రోజూ రాత్రి 8 గంటలకు ఇక్కడి వాట్సాప్ గ్రూపులో ఒకటే మెసేజ్: “అందరూ క్షేమం.” అమ్మలు ఆ మెసేజ్ కోసం కూర్చుని ఉంటారు, ఒక్క రోజు కూడా తప్పొద్దు.

11. ఏదైనా జరిగితే

2025 సెప్టెంబరులో యువత ఆందోళనలతో ఖాట్మండూ అట్టుడికింది, విమానాశ్రయం మూసేశారు, చిక్కుకున్న తెలుగువాళ్లను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక విమానం పెట్టి వెనక్కి తెచ్చింది. అలాంటి రోజు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అందుకే మూడు రోజులకు సరిపడా అదనపు డబ్బు లీడర్ దగ్గర ముట్టుకోకుండా ఉండాలి. ఖాట్మండూలో లైన్‌చౌర్ దగ్గరున్న భారత రాయబార కార్యాలయం నంబరు బయలుదేరే ముందే అందరి ఫోన్లలో, కాగితం మీద కూడా ఉండాలి. పోలీసు 100, అంబులెన్సు 102. ఇక్కడ ఊళ్లో ఒక్క మనిషిని నియమించండి, ఏం జరిగినా తల్లిదండ్రులకు ఆయనే చెప్పాలి, తలా ఒక ఫోన్ చేస్తే చిన్న జ్వరం పెద్ద వార్త అవుతుంది. గొడవ జరిగితే ఉన్నచోటే ఉండండి, చూడ్డానికి వెళ్లొద్దు, అక్కడి కాపరి చెప్పినట్టు చేయండి.

12. తిరిగొచ్చాక

రెండు వారాల్లోపు సంఘానికి లెక్క చెప్పండి, రూపాయితో సహా. సాక్ష్యాల ఆదివారం పెడితే “మేం వాళ్లకు ఏం చేశామంటే” అని మొదలుపెట్టనివ్వకండి, ప్రతి ఒక్కరూ అక్కడ తాము కలిసిన ఒక మనిషి గురించి, పేరు చెప్పకుండా, మూడు నిమిషాలు మాట్లాడాలి.

అక్కడ ఇచ్చిన మాటలన్నీ ఒక కాగితం మీద రాయండి. పిల్లలు తెలియకుండానే బోలెడు మాటలిస్తారు, మళ్లీ వస్తాం, గిటారు పంపిస్తాం, నీ చదువుకి సాయం చేస్తాం అని. చేయగలిగినవి ఎవరు, ఎప్పటిలోగా చేస్తారో పక్కన పేరు రాయండి. చేయలేనివాటికి వెంటనే ఫోన్ చేసి క్షమించమని చెప్పండి, ఎదురుచూపుల్లో పెట్టొద్దు. తర్వాతి ఏడాది వాళ్ల యూత్‌ని మీ ఊరికి పిలవండి, దారి ఖర్చులు మీరు పెట్టుకోండి, మీ సంఘంలో వాళ్ల చేత వాక్యం చెప్పించండి. మా దగ్గరికి అయిదుగురు వచ్చారు. ఒకమ్మాయి మొదటిసారి సముద్రం చూసి, మంగినపూడి బీచ్‌లో మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి ఎంతసేపు పిలిచినా రాలేదు.

మా బృందంలో డిగ్రీ చదివే ఒక చెల్లి అక్కడి సండే స్కూల్ టీచర్‌కి ఇప్పటికీ శనివారం ఉదయం ఫోన్ చేస్తుంది. వాళ్ల గడియారం మనకన్నా 15 నిమిషాలు ముందు కాబట్టి పదకొండు గంటల ఆరాధనలోపు మాట్లాడాలంటే మనకు పదిన్నరకే చేయాలి. ఆ వారం పిల్లలకు చెప్పబోయే కథ ఆమె హిందీలో చెప్తుంది, ఈమె వింటుంది, ఇద్దరూ ప్రార్థన చేసుకుని పెట్టేస్తారు.